పాత బజారులో కొట్టు ఎలివేషన్: కప్పాలా, కూల్చాలా, నిలబెట్టాలా?

దక్షిణ ఒడిశాలో, బరంపురం పెద్ద బజారులో గానీ, పర్లాకిమిడిలో గానీ, గుణుపురంలో గానీ తాతల నాటి కొట్టు ఉన్నవాళ్లకి ఈమధ్య ఒకటే టెన్షన్. పక్కది కొట్టేసి మూడంతస్తులు లేపారు. ఎదురుది షీట్లు తొడుక్కుని మెరిసిపోతోంది. మేస్త్రీ కనిపించినప్పుడల్లా "ఇంకా ఎన్నాళ్లు బాబూ ఈ పలక తలుపులు?" అంటాడు. హైదరాబాద్‌లో ఉన్న అబ్బాయి ఫోన్లో "కొట్టేసి కట్టేద్దాం నాన్నా" అంటాడు. నాయనమ్మ మాత్రం అరుగు మీద గునపం పడనివ్వనని కూర్చుంది.

నా మాట ముందే చెప్పేస్తాను. ఇలా ఇరుక్కున్నవాళ్లలో ఎక్కువమందికి సరిపోయేది మరమ్మతే. ముందు భాగాన్ని బాగుచేసుకుని, లోపల ఈనాటి అవసరాలకు తగ్గట్టు మార్చుకుంటే చాలు. స్థలం నిజంగా చాలనివాళ్లు వెనక కట్టుకోవాలి. "ముందు గోడ ఒక్కటీ ఉంచి మిగతాదంతా కొత్తగా కడదాం" అన్నది వినడానికి మధ్యేమార్గంలా ఉంటుంది గానీ, మన ఇరుకు బజార్లలో అన్నిటికంటే ఖర్చూ ప్రమాదమూ ఉన్న దారి అదే. కూల్చడమే సరైన సందర్భాలూ ఉన్నాయి. మీది ఏ కోవలోకి వస్తుందో తేల్చుకోవడానికి ఈ వ్యాసం.

ఈ కొట్లు ఎలా కట్టారు

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా గంజాం, కోరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలోవి. అందుకే ఇక్కడి పాత కొట్ల కట్టుబడి శ్రీకాకుళం, విజయనగరం బజార్లలో కనిపించేలాంటిదే. రోడ్డు వైపు అరుగు, అరుగు మీద చెక్క స్తంభాలు, వాటి మీద అడ్డంగా పెద్ద దూలం, ఆ దూలం మీద పైగది గోడో పెంకుల వసారానో ఉంటుంది. తలుపు బదులు పలకలుంటాయి. పొద్దున్నే ఒక్కొక్కటే గాడిలోంచి తీసి పక్కన పెట్టుకోవాలి, రాత్రి నంబరు వరసన మళ్లీ ఎక్కించాలి. కాస్త కలిగినవాళ్లు మద్రాసు టెర్రస్ మిద్దె వేయించుకున్నారు. టేకు వాసాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో బిగించిన కప్పు అది. గోపాల్‌పూర్ రేవు నుంచి రంగూన్‌కు ఓడలు నడిచిన రోజుల్లో బర్మా టేకు ఈ తీరానికి కొత్తేమీ కాదు.

గోడలన్నీ ఇటుక, సున్నం. సిమెంటు తర్వాతెప్పుడో వచ్చి చేరింది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే చేయబోయే తప్పుల్లో సగం తప్పిపోతాయి.

ముందు ఇవి తేల్చుకోండి

*రోడ్డు గీత.* మొదటి ప్రశ్న మేస్త్రీని కాదు, మున్సిపాలిటీని అడగాలి. మాస్టర్ ప్లాన్‌లో మీ వీధి వెడల్పు ఎంత చూపించారు, ఆ గీత మీ అరుగు మీదుగా పోతోందా, స్తంభాల మీదుగానా, లోపలి గది మీదుగానా? బరంపురమైతే కార్పొరేషన్లోనూ డెవలప్‌మెంట్ అథారిటీలోనూ రెండు చోట్లా అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి. "వెడల్పు చేస్తారంట" అన్న మాట వినే ఎంతోమంది నిర్ణయాలు తీసేసుకుంటారు. ఆ మాట ఒక్కో బజారులో ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది.

దీనికి అవతలి వైపు ఒకటుంది. దాన్ని ఎవరూ ముందుగా చెప్పరు. పాత కొట్టు రోడ్డు అంచు దాకా నిలబడి ఉందంటే అది పాత రోజుల కట్టడం కాబట్టి. దాన్ని నేలమట్టం చేసిన రోజు నుంచి మీకు వర్తించేవి నేటి నిబంధనలు: ముందు ఖాళీ వదలాలి, పార్కింగ్ చూపించాలి. సన్నటి ముందుభాగం, లోతైన స్థలం ఉన్నవాళ్లు ప్లాన్ గీయించి చూసుకుంటే కింది అంతస్తులో అమ్మకానికి పనికొచ్చే జాగా ఇప్పటికంటే తగ్గిపోవచ్చు. పైన రెండంతస్తులు వస్తాయి, నిజమే. కానీ మెట్లెక్కి కొనే బేరం మీదేనా?

*బరువు ఎవరు మోస్తున్నారు.* పాత కొట్టులో ముందు స్తంభాలు అలంకారం కాదు. పైగది ముందు గోడ మొత్తం ఆ దూలం మీద, దూలం ఆ స్తంభాల మీద నిలబడి ఉంటాయి. "దారి వెడల్పవుతుంది, మధ్య స్తంభం తీసేద్దాం" అని తీసేస్తే ఆరు నెలలకో ఏడాదికో పైన కిటికీ మూలల నుంచి వాలుగా పగుళ్లు వస్తాయి. కాబట్టి సివిల్ ఇంజనీర్ని ఒకసారి పిలిచి చూపించండి. ఆయన వచ్చేలోపు మీరే చూసుకోగలిగినవీ ఉన్నాయి. స్క్రూడ్రైవర్ తీసుకుని స్తంభం అడుగున, దూలం గోడలోకి దూరే చోట గుచ్చి చూడండి. గట్టిగా ఆగితే మంచిదే. అట్టలోకి దిగినట్టు దిగితే చెదో కుళ్లో ఉన్నట్టు. తట్టినప్పుడు డొల్ల చప్పుడు వచ్చిందంటే లోపల పోయింది. దూలం మధ్యలో ఎంత బాగున్నా, గోడలో ఉన్న చివర్లు పోతే ఆ దూలం పోయినట్టే లెక్క. వానా చెమ్మా అక్కడే నిలుస్తాయి.

*చెమ్మ.* గోడ అడుగున తెల్లటి ఉప్పు పొడి రాలుతోందా? సముద్రం దగ్గర కదా, ఇది మనకి మామూలే. అయితే ఎంత ఎత్తు దాకా ఎక్కిందో చూడండి. ఎవరో ఎప్పుడో కింద మూడడుగులు సిమెంటు పూత కొట్టి ఉంటారు, చెమ్మ దాని పైనుంచి మొదలవుతుంది. సున్నం పూత నీటిని ఆవిరిగా బయటికి వదులుతుంది. సిమెంటు వదలదు. ఊపిరాడని నీరు గోడలో ఇంకా పైకెక్కి, సిమెంటు అయిపోయిన చోట బయటపడుతుంది. దానికి మందు ఇంకో కోటు సిమెంటు కాదు.

*హక్కు.* అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి అయితే పంపకం తేలకుండా కొత్త పునాది తీయకండి. మరమ్మతుకు గొడవలు తక్కువ, కొత్త కట్టడానికి ఎక్కువ. అద్దెకున్నవాళ్ల సంగతి తర్వాత చెబుతాను.

*ఎన్నాళ్లు మూయగలరు.* పెళ్లిళ్ల సీజను ఒకటి పోగొట్టుకోవడానికి మీరు సిద్ధమేనా అని నిజాయితీగా లెక్క వేసుకోండి. పోయిన ఖాతాదారు పక్క వీధికి అలవాటు పడితే తిరిగి రావడం కష్టం.

*విప్పగలమా.* ఇవాళ చేసిన పని పదేళ్ల తర్వాత నచ్చకపోతే వెనక్కి తీయొచ్చా? ఎటూ తేలనివాళ్లు ఈ ప్రశ్నకు పెద్ద పీట వేయాలి. ఒకసారి కూల్చినదాన్ని తెచ్చుకోలేం.

ఒక్క చూపులో

| దారి | ఖర్చు | కొట్టు మూత | వెనక్కి తీయొచ్చా | స్థలం పెరుగుతుందా | ఎప్పుడు నప్పుతుంది |
|---|---|---|---|---|---|
| షీట్లు కప్పడం | తక్కువ | కొద్ది రోజులు | పైకి అవును, లోపల దెబ్బ మిగులుతుంది | లేదు | బ్రాండు అద్దెకు అడిగినప్పుడు, షరతులతో |
| కూల్చి కొత్తది | ఎక్కువ | చాలాకాలం | లేదు | పైన అవును, కింద తగ్గవచ్చు | దూలాలూ గోడలూ పోయినప్పుడు |
| ముందు గోడ మాత్రం ఉంచడం | అన్నిటికంటే ఎక్కువ | చాలాకాలం | లేదు | అవును | వెడల్పైన వీధి, మందమైన గోడ ఉన్నచోట |
| ముందు గది ఉంచి వెనక కట్టడం | ఎక్కువే, విడతలుగా పెట్టొచ్చు | తక్కువ | ముందు భాగం వరకు అవును | అవును | లోతైన స్థలం ఉన్నవాళ్లకి |
| మరమ్మతు, లోపల మార్పులు | మధ్యస్థం | విడతలుగా, కొద్దికొద్దిగా | అవును | కొంచెం | ఎక్కువమందికి |

షీట్లు కప్పడం

ఏసీపీ, అంటే అల్యూమినియం రేకుల పొరలు అతికించిన షీట్లంటే అందరికీ ఎందుకంత మోజో అర్థమవుతుంది. వారంలో కొట్టు "కొత్తదైపోతుంది". పగుళ్లు, వంకర దూలం, రంగు పోయిన గోడ అన్నీ కనపడకుండా పోతాయి. సమస్య కూడా అక్కడే ఉంది. కనపడకుండా పోయినవి ఆగిపోవు. షీటుకీ గోడకీ మధ్య సందులో చెమ్మ, ఎలకలు, చెద, వేలాడే వైర్లు చేరతాయి. షీటు ఫ్రేము బిగించడానికి సున్నపు గోడలో కొట్టిన బోల్టులు ఇటుకని పట్టుకోవు, పొడి చేస్తాయి. మరుసటి గాలివానకి ఊగుతాయి. 2013 అక్టోబర్ 12 రాత్రి పైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. గాలి గంటకు 200 కిలోమీటర్లు దాటింది. అలాంటి గాలిలో ఊడిన షీటు మీ కొట్టుకే కాదు, రోడ్డు మీద మనిషికీ ప్రమాదం.

నిప్పు సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. చవక ఏసీపీ మధ్యలో ఉండేది ప్లాస్టిక్ పొర, అది మండుతుంది. 2017 జూన్ 14న లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది చనిపోయినప్పుడు, మంట అంత వేగంగా పైకి పాకడానికి ముఖ్య కారణం గోడలకు తొడిగిన అలాంటి షీట్లే అని విచారణలో తేలింది. చెక్క వాసాలూ, ఫ్లెక్సీలూ, ముడిపడ్డ కరెంటు తీగలూ ఉన్న మన బజారులో అదే షీటు వేయడం నాకు అసలు మింగుడు పడదు.

అయినా బ్రాండు వాడు పట్టుబడితే, మంచి అద్దె పోగొట్టుకోలేమంటే, మూడు షరతులు పెట్టండి. ఫ్రేము నేల మీద తన కాళ్ల మీద తాను నిలబడాలి, పాత గోడలో ఒక్క బోల్టూ పడకూడదు. షీటు నిప్పు తట్టుకునే రకం అయి ఉండాలి, బిల్లు మీద ఆ మాట రాయించుకోవాలి. పైనా కిందా గాలి ఆడే సందు వదలాలి.

కూల్చి కొత్తగా కట్టడం

దూలం చివర్లు రెండు వైపులా పోతే, గోడ వీధి వైపు ఒరిగితే, రోడ్డు గీత స్తంభాల వెనకనుంచి పోతుంటే, పాత కొట్టు మీద మమకారం పక్కన పెట్టి కూల్చడమే మంచిది. ఆ నిర్ణయానికి సిగ్గుపడాల్సిన పనీ లేదు. కాకపోతే ఇంజనీరు రాసిచ్చిన కారణం ఉండాలి. "పాతదైపోయింది" అన్నది కారణం కాదు.

కూల్చేముందు పక్కవాళ్లతో మాట్లాడండి. మన బజార్లలో ఉమ్మడి గోడలు ఎక్కువ. మధ్యలో ఒక కొట్టు తీసేస్తే రెండు వైపుల గోడలూ ఆసరా పోయి నిలబడతాయి. పునాది తవ్వకం పక్కవాడి పునాది కంటే లోతుకు వెళ్తే గొడవ కోర్టు దాకా పోతుంది. రెండు వైపులా ఫొటోలు తీసి, ఉన్న పగుళ్లు రాసుకుని, ఇద్దరూ సంతకాలు పెట్టుకోవడం అందరికీ మేలు.

పాత కలపని స్క్రాప్ వాడికి గుండుగుత్తగా ఇచ్చేయకండి. టేకు పలకలు, స్తంభాలు, ద్వారబంధం నంబరు వేసి విడదీయించి దాచుకోండి. ద్వారబంధం కొత్త కొట్టుకి నిజమైన ద్వారబంధంగా పనికొస్తుంది. స్తంభాలని మాత్రం కాంక్రీటు పిల్లర్లకి అంటించి "హెరిటేజ్ లుక్" అనడం నాకు నచ్చదు. సిమెంటుతో కమానులు పోసి పాతకాలం అనిపించడం అంతకన్నా తీసికట్టు.

ముందు గోడ మాత్రం ఉంచడం

పెద్ద నగరాల ఫొటోలు చూసి చాలామంది దీన్ని అడుగుతారు. పాత ముఖం ఉంటుంది, వెనక లిఫ్టుతో సహా కొత్త బిల్డింగు వస్తుంది, ఎవరికి చేదు?

పని ఎలా జరుగుతుందో చూడండి. ముందు గోడని ఇన్నాళ్లూ నిలబెట్టింది దాని బలం కాదు. వెనకనుంచి దాన్ని పట్టుకున్న వాసాలూ అడ్డగోడలూ. అవి తీసేస్తే అది ఒంటరి గోడ. కొత్త స్లాబులు దాన్ని పట్టుకునేదాకా ఇనప చట్రంతో రెండు వైపులా ఆనించి ఉంచాలి. ఆ చట్రం కాళ్లు నెలల తరబడి రోడ్డు మీద ఉండాలి. ఎడ్లబండీ ఆటో ఎదురైతేనే తప్పుకోలేని సందులో అంత జాగా ఎక్కడిది? పైగా వెనక కాంక్రీటు పిల్లర్లకి లోతుగా తవ్వుతారు. పాత గోడ పునాది తక్కువ లోతు. తవ్వకం అంచున అది కుంగుతుంది. ముందుభాగం చెక్క స్తంభాలూ దూలమూ అయితే అసలు ఉంచడానికి "గోడ"నేదే లేదు, విప్పి మళ్లీ అమర్చాల్సిందే. ఈ పని తెలిసిన కాంట్రాక్టరు జిల్లాలో దొరకడం కూడా కష్టం. చివరికి జరిగేదేమిటంటే, సగం పనిలో గోడ "దానంతట అదే" పడిపోతుంది, యజమానికి పాతదీ లేదు, పెట్టిన ఖర్చూ లేదు.

గడియారం మేడలాంటి మందమైన ఇటుక కట్టడం, వీధి వెడల్పు, అనుభవమున్న స్ట్రక్చరల్ ఇంజనీరు, చేతిలో డబ్బు — నాలుగూ ఉంటేనే దీని గురించి ఆలోచించండి.

ముందు గది ఉంచి, వెనక కట్టడం

గోడ కాదు, గదిని నిలబెట్టాలి. వీధి వైపు మొదటి గదిని పైకప్పుతో, పక్క గోడలతో సహా ఉన్నది ఉన్నట్టు ఉంచేసి, దాని వెనక నుంచి కొత్త కట్టడం మొదలుపెట్టడం. రెండింటి మధ్యా చిన్న ఖాళీ జాగా, అంటే పాత ఇళ్లలో ఉండే మండువా లాంటిది, వదిలితే వెలుతురు వస్తుంది, కొత్త పునాది పాతదాన్ని కదపదు, వాన నీరు పోవడానికీ దారి ఉంటుంది.

సింగపూర్ ఇలాంటి దారే పట్టింది. అక్కడ 1989లో చైనాటౌన్, లిటిల్ ఇండియా లాంటి పాత బజార్లని పరిరక్షణ ప్రాంతాలుగా ప్రకటించారు. కొట్టు ముందు భాగమూ పైకప్పూ పక్క గోడలూ కాపాడాలి. వెనక భాగంలో ఎత్తుగా కట్టుకోనిచ్చేది కొన్ని పరిరక్షణ ప్రాంతాల్లోనే, చైనాటౌన్, లిటిల్ ఇండియా లాంటి చారిత్రక బజార్లలో నియమాలు ఇంకా కఠినం. లిటిల్ ఇండియాకి వెళ్లొచ్చిన మనవాళ్లు ఫొటోలు దిగేది ఆ కొట్ల ముందే. బరంపురం పెద్ద బజారు కొట్లకి ఈ పద్ధతి బాగా అతుకుతుంది. ముందు సన్నగా ఉండి, లోపలికి చాలా దూరం పోయే స్థలాలు అవి. వెనక గోడౌను, పెరడు, పాత వంటిల్లు వాడకం లేకుండా పడి ఉంటాయి. ముందు కొట్టు నడుస్తూ ఉండగానే వెనక పని జరుగుతుంది. సామాను చేరవేతకి వెనక సందు లేకపోతే మాత్రం ఇసుకా ఇటుకా కొట్టు మధ్యలోంచి మోయించాలి. అది రాత్రిపూట పని, కూలీ పెరుగుతుంది. ఆ లెక్క ముందే వేసుకోండి.

మరమ్మతు, లోపల మార్పులు

చెక్కతో మొదలుపెడదాం. స్తంభం అడుగు కుళ్లితే స్తంభం మొత్తం మార్చక్కర్లేదు. జాకీలతో దూలాన్ని ఆనించి, కుళ్లిన అడుగు వరకు కోసి, అదే జాతి కలప ముక్కని వాలు అతుకుతో కలిపి, కింద రాతి దిమ్మె పెడితే చెమ్మ తగలదు. ఈ అతుకు వేయగల వడ్రంగి ఇంకా ఉన్నాడు, కానీ వెతకాలి. పలకలకి దట్టంగా పట్టిన ఎనామిల్ పెయింటు గీకించి అవిసె నూనె పట్టిస్తే కింద ఎలాంటి టేకు ఉందో మీకే తెలుస్తుంది. చెద మందు మట్టిలోకీ, గోడ మొదట్లోకీ పట్టించాలి. చెక్కకి పైన పూస్తే సరిపోదు.

గోడకి సున్నమే. రాతి సున్నం గానీ, గుల్ల సున్నం గానీ నీళ్లలో విరగనిచ్చి, గుంటలో కొన్ని వారాలు నాననిచ్చి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఇసుకా ఇటుక పొడీ కలిపి పల్చగా పొరలు పొరలుగా పూయాలి. పాత మేస్త్రీలు బెల్లం నీళ్లు, కరక్కాయ ఊరిన నీళ్లు కలిపేవారు, ఇప్పటికీ కలిపేవాళ్లున్నారు. ఒక్కో పొరకీ టైమివ్వాలి, తడి గోనెలు కప్పి ఉంచాలి. "సార్, కాస్త సిమెంటు కలుపుతా, తొందరగా గట్టిపడుద్ది" అనే మేస్త్రీకి నో చెప్పండి. రంగు కూడా సున్నపు వెల్లే వేయండి, ప్లాస్టిక్ ఎమల్షన్ చెమ్మని మళ్లీ మూసేస్తుంది.

పైకప్పు పెంకులదైతే తుఫానుకి ముందుగా లేచేది అంచు పెంకులే. వాసాలని గోడకి ఇనప పట్టీలతో కట్టించడం, అంచు వరసలని బిగించడం చిన్న ఖర్చు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను గజపతి జిల్లాని ఎలా ఊపేసిందో పర్లాకిమిడి వాళ్లకి చెప్పక్కర్లేదు.

ఇక లోపల. ఏసీ కావాలంటే స్తంభాలకి ఓ అడుగు వెనక, దళసరి టఫెన్డ్ గ్లాసు తలుపు పెట్టండి. పొద్దున పలకలు తీస్తే గాజు కనిపిస్తుంది, రాత్రి పలకలు మూస్తే పాత కొట్టు కనిపిస్తుంది. భద్రత కోసం రోలింగ్ షట్టర్ కావాలంటే అదీ గాజు వెనకే, దాని సొంత ఇనప ఫ్రేము మీద. సరుకు పెట్టుకోవడానికి మెజనైన్, అంటే అటక లాంటి అర అంతస్తు, కావాలంటే కూడా అంతే, ఆ బరువు పాత గోడల మీద వేయకూడదు. వైరింగు గోడ చెక్కి లోపల పెట్టొద్దు, పైపుల్లో గోడ మీదే నడిపించండి, మొత్తం కొత్తగా. పాత కొట్టు తగలబడేది వయసు వల్ల కాదు, పాత వైరింగు వల్ల.

ఎవరికి ఏది

పట్టు చీరల కొట్టు వాళ్లకి తెరిచిన ముందుభాగం వ్యాపారమే. బరంపురం పట్టు రంగు ట్యూబులైటు కింద ఒకలా, పగటి వెలుగులో ఒకలా ఉంటుంది. ఆడవాళ్లు చీర మడత విప్పి అరుగు దాకా తెచ్చి చూసుకోవడం రోజూ జరిగేదే. షీటు కప్పి, ముందు మూసేసి, లోపల లైట్లు పెట్టుకున్న కొట్టు ఆ నమ్మకాన్ని పోగొట్టుకుంటుంది. వీళ్లు మరమ్మతు దాటి వెళ్లక్కర్లేదు.

బంగారం కొట్టు వాళ్ల భయం వేరు. పలకలని నమ్ముకుని నిద్రపోలేరు, బీమా వాళ్లూ ఒప్పుకోకపోవచ్చు. ముందు గది పాత రూపులో ఉంచి, బేరం అక్కడ చేసి, లాకరు గది వెనక కాంక్రీటులో కట్టుకోవడం వీళ్లకి నప్పుతుంది.

కొట్టు మీరు నడపడం లేదు, మొబైల్ షోరూమ్‌కో బ్యాంకుకో అద్దెకిస్తారు. అప్పుడు మీ ఆస్తిని కాపాడేది అగ్రిమెంటే. గోడలో డ్రిల్లింగు కూడదు, స్తంభాలు ముట్టకూడదు, ఖాళీ చేసేటప్పుడు పాత స్థితికి తేవాలి అని రాయించండి. బ్రాండు బోర్డు ఎంత ఎత్తు ఉండొచ్చో కొలతతో సహా.

మీరే అద్దెకున్నవాళ్లయితే, తరాలుగా ఉన్నా సరే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108 గుర్తుంచుకోండి. వేరే ఒప్పందం లేకపోతే, యజమాని అనుమతి లేకుండా శాశ్వత కట్టడం కట్టకూడదు. మీరు బిగించినవాటిని మాత్రం, స్థలాన్ని మీకిచ్చినప్పటి స్థితిలో అప్పగించేట్టయితే, విప్పి తీసుకెళ్లొచ్చు. కాబట్టి గాజు, ఫ్రేము, మెజనైన్ లాంటి విప్పదగ్గ పనుల మీద మీ డబ్బు పెట్టండి. సున్నం పని, దూలం పని యజమాని ఖర్చు అని రాతలో ఉంచుకోండి.

పిల్లలంతా విశాఖలోనో హైదరాబాద్‌లోనో స్థిరపడి, కొట్టు ఎవరు చూస్తారో తెలియనివాళ్లు పెద్ద ఖర్చు పెట్టొద్దు. పైకప్పు కారకుండా, చెద రాకుండా, వైరింగు సరిగా ఉండేలా చూసి ఆగిపోండి.

బోర్డు సంగతి

పాత కొట్ల పిట్టగోడ మీద గచ్చుతో పోసిన తెలుగు అక్షరాలు, కట్టిన సంవత్సరం, ఒక్కోచోట లక్ష్మీదేవి బొమ్మా ఇంకా కనిపిస్తాయి. పని మొదలైన రోజు మేస్త్రీ మొదట చెక్కేది వాటినే. ఒడిశాలో కొట్టు బోర్డు మీద ఒడియా ఉండాలని 2018లో చట్టం మార్చాక కొంతమంది పాత అక్షరాలు చెరపాలేమో అని కంగారుపడ్డారు. ఒడియా బోర్డు వేరేగా, స్తంభాల మధ్య వేలాడేట్టు చెక్క మీదో రేకు మీదో రాయించి తగిలించండి. గచ్చు అక్షరాల జోలికి పోకుండా మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి, విరిగినచోట సున్నంతోనే పూరించి, వెల్ల వేసేటప్పుడు అంచులు పూడిపోకుండా చూసుకుంటే చాలు. పక్కనే ఇన్నేళ్లుగా ఉన్న ఒడియా కొట్టువాళ్లు ఏ భాష బోర్డు చూసీ మనల్ని గుర్తుపట్టలేదు లెండి.

ఎప్పుడు మొదలుపెట్టాలి, ఏం రాయించుకోవాలి

సున్నం పనికి తుఫానుల భయం తగ్గిన నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఎండాకాలంలో పూత త్వరగా ఆరి పగులుతుంది, వానల్లో ఆరదు. పెంకులు విప్పే పని జూన్ దాకా సాగనివ్వకండి. బరంపురంలో రెండేళ్లకోసారి ఎండాకాలం మొదట్లో వచ్చే ఠాకురాణి జాతర ఉన్న ఏడాదైతే, ఊరేగింపు సాగే వీధుల్లో ఆ రోజులకి పరంజా ఉండకూడదు. ఇసుక కుప్పా ఉండకూడదు. జాతర తేదీ ప్రకటించాకే కాంట్రాక్టరుతో గడువు రాసుకోండి.

ఆ కాగితంలో చదరపు అడుగు రేటు మాత్రమే ఉంటే సంతకం పెట్టొద్దు. ఏ స్తంభం ఉంటుంది, ఏది అతుకుతారు, ఏ గోడకి సున్నం, ఎన్ని పొరలు, విప్పిన కలప ఎవరిది, పక్క గోడకి నష్టమైతే ఎవరు భరిస్తారు అన్నవి రాయించండి. ముందుగా ఒక మూల నాలుగడుగుల గోడ నమూనాగా పూయించి, నెల రోజులు ఆగి చూసి, నచ్చితేనే మిగతా పనికి అడ్వాన్సు ఇవ్వండి. పాత కట్టడాల పరిరక్షణ కోసం పనిచేసే ఇన్‌టాక్ సంస్థకి ఒడిశాలో శాఖ ఉంది. సున్నం మేస్త్రీలు, పాత కట్టడాలు తెలిసిన ఆర్కిటెక్టులు ఎవరున్నారో వాళ్లని అడిగి చూడొచ్చు. దొరకకపోతే గుడి గోపురం పనులు చేసేవాళ్లని అడగండి. సున్నం చేతికి అంటినవాళ్లు అక్కడ ఇంకా ఉన్నారు.